పెద్దయ్యాక ఐరిష్ నేర్చుకోవడం: అక్షరాల దగ్గర భయం, మనుషుల దగ్గర కష్టం

ఐర్లండ్ 2022 జనాభా లెక్కల్లో "ఐరిష్ మాట్లాడగలరా?" అన్న ప్రశ్నకు 18,73,997 మంది అవునని రాశారు. మూడేళ్ళు, ఆ పైబడిన జనంలో అది 40 శాతం. మరి బడి బయట రోజూ మాట్లాడేది ఎందరు? 71,968 మంది. మాట్లాడగలమన్న వాళ్ళలో కూడా సగానికి పైగా 'అంత బాగా రాదు' అన్న గడిలోనే టిక్కు పెట్టారు.

పెద్దయ్యాక ఐరిష్ మొదలుపెట్టేవాళ్ళకు ముందుగా తెలియాల్సిన సంగతి ఇదే. ఫ్రెంచి నేర్చుకుంటున్న మనిషి ఫ్రాన్స్‌లో ఏ పల్లెటూరికో వెళ్తే ఫ్రెంచి లేకుండా గడవని పరిస్థితి ఎదురవుతుంది. ఐరిష్‌కి అలాంటి ఊరు లేదు. ఐరిష్ మాతృభాషగా ఉన్న పల్లెల్లో కూడా పెద్దవాళ్ళందరికీ ఇంగ్లీషు వచ్చు, అదీ బ్రహ్మాండంగా వచ్చు. అవసరం పడితే ఏ భాషైనా నోటికి వస్తుంది అంటారు. ఇక్కడ ఆ అవసరమే పడదు. దాని బదులు ఇంకేదో ఏర్పాటు చేసుకోవాలి. ఐరిష్ నిలబెట్టుకున్నవాళ్ళకీ మధ్యలో వదిలేసినవాళ్ళకీ తేడా ఎక్కువగా ఆ ఏర్పాటు దగ్గరే కనిపిస్తుంది. తెలివితేటలు, జ్ఞాపకశక్తి ఆ తర్వాతి మాట.

బడి చదువు ఈ విషయంలో మంచి ఉదాహరణ. 1922లో బ్రిటన్ పాలన నుంచి విడిపోయి ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడినప్పటి నుంచి ప్రభుత్వం ఈ భాషను బడుల మీద పెట్టింది. పిల్లలు ప్రైమరీ మొదలు లీవింగ్ సర్టిఫికెట్ దాకా, అంటే మన ఇంటర్ లాంటి పరీక్ష దాకా, పదమూడు పద్నాలుగేళ్ళు ఐరిష్ చదువుతారు. 1973 వరకూ ఐరిష్‌లో తప్పితే మొత్తం సర్టిఫికెట్టే చేతికి వచ్చేది కాదు. ఇంత చేశాక చాలామందికి మిగిలే పూర్తి వాక్యం ఒకటుంది: "అన్ విల్ క్యాద్ అగమ్ దల్ గో జీ అన్ లెహ్రస్?" బాత్రూమ్‌కి వెళ్ళొచ్చా అని టీచర్‌ని అడగడం. ఐర్లండ్‌లో ఇది అందరికీ తెలిసిన జోకు. జోకే గానీ, అందులో ఒక కిటుకు దాగి ఉంది. పద్యాలు, వ్యాసాలు పరీక్ష కోసం. ఆ ఒక్క వాక్యం మాత్రం పిల్లవాడి సొంత పని కోసం. అడగకపోతే పంపరు కాబట్టి అది జన్మంతా గుర్తుండిపోయింది. ప్రభుత్వానికీ ఈ సంగతి ఆలస్యంగానైనా అర్థమైనట్టుంది. 2012 నుంచి లీవింగ్ సర్టిఫికెట్ ఐరిష్ మార్కుల్లో 40 శాతం మౌఖిక పరీక్షకే ఇస్తున్నారు. అంతకు ముందు అది 25 శాతం.

నిజానికి ఆధునిక ఐరిష్ చరిత్రలో పెద్దవాళ్ళ తరగతులే ముందు, బడి తర్వాత. 19వ శతాబ్దంలో ఈ భాష కూలిపోయింది. 1831లో మొదలైన జాతీయ పాఠశాలలు ఇంగ్లీషులో నడిచాయి. 1845 నుంచి వచ్చిన మహా కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గకుండా ఓడలెక్కి వెళ్ళిపోయారు. దెబ్బ ఎక్కువగా పడింది ఐరిష్ మాట్లాడే పడమటి, దక్షిణ ప్రాంతాల పేదల మీద. అమెరికా వెళ్ళి బతకాల్సిన పిల్లలకు ఇంగ్లీషే ఆధారమని తల్లిదండ్రులు తీర్మానించుకున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆ స్థితిలో 1893లో డబ్లిన్‌లో, ఐరిష్‌ని మళ్ళీ జనం నోట నిలబెట్టడానికి, గేలిక్ లీగ్ అనే సంఘం పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంట్ మతగురువు కొడుకు. రాస్‌కామన్ ప్రాంతంలో చుట్టుపక్కల పనివాళ్ళ దగ్గర, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఐరిష్ పట్టుకున్నవాడు. లీగ్ ఊరూరా సాయంత్రం తరగతులు పెట్టింది. పగలంతా పని చేసుకుని వచ్చిన గుమాస్తాలు, టీచర్లు, షాపుల్లో పనివాళ్ళు అక్కడ అక్షరాలు దిద్దారు. ఎమన్ డి వలేరా అనే లెక్కల మాస్టారు 1908లో, పాతికేళ్ళు దాటాక, అలాంటి తరగతిలోనే చేరాడు. పాఠం చెప్పిన షినేడ్ ఫ్లానగన్‌ని 1910లో పెళ్ళి చేసుకున్నాడు. ఆయనే తర్వాత ప్రధానమంత్రి అయి, 1937 రాజ్యాంగంలో ఐరిష్‌ని మొదటి అధికార భాషగా పెట్టించాడు. దేశానికి ఈ భాషను అధికారికంగా కట్టబెట్టిన మనిషి స్వయంగా పెద్దయ్యాక నేర్చుకున్నవాడన్నమాట.

ఇప్పుడు సాయంత్రం తరగతికి వచ్చేవాళ్ళు ఎవరు? 'బిగినర్స్' అని బోర్డున్న గదిలో కూర్చున్నవాళ్ళలో నిజమైన బిగినర్లు తక్కువ. ఎక్కువమంది బడిలో చదివి మరిచిపోయి, ముప్పైల్లోనో అరవైల్లోనో మళ్ళీ వచ్చినవాళ్ళు. వాళ్ళకు మాటలు వినగానే ఎక్కడో తెలిసినట్టుంటాయి, నోరు మాత్రం పెగలదు. పైగా బడినాటి సిగ్గు ఒకటి. తప్పు మాట్లాడితే ఎవరో బెత్తం పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. వాళ్ళ పక్కన పోలండ్ నుంచో బ్రెజిల్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన మనిషి సున్నా నుంచి మొదలుపెడతాడు. మొదటి రెండు నెలలు అతనే వెనకబడతాడు. సీజన్ గడిచేసరికి తరచూ తారుమారవుతుంది, ఎందుకంటే అతనికి మరిచిపోవాల్సిన పరీక్షలేవీ లేవు. సున్నా నుంచి వచ్చేవాళ్ళు ఈ మొదటి రెండు నెలలు చూసి బెదిరిపోయి మానేయకపోవడం చాలా ముఖ్యం.

బెదరగొట్టేది ముందుగా స్పెల్లింగే. సినిమాలు చూసేవాళ్ళకు సర్షా రోనన్ పేరు తెలిసే ఉంటుంది. ఆ మొదటి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్-ఏ-ఓ-ఐ-ఆర్-ఎస్-ఈ. నీవ్ అనే ఆడపిల్ల పేరు ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్. డబ్లిన్ పక్కన రేవు పట్టణం డన్ లియరి పేరులో సగం అక్షరాలు పలకనే పలకరు. చూడగానే ఇదేదో పిచ్చి రాతలా అనిపిస్తుంది. కానీ ఐరిష్ రాతకు లెక్కుంది. చదివే వరకూ చూస్తే ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు క్రమంగా ఉంటుంది.

లెక్క ఇది. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకూ రెండు రూపాలు: వెడల్పుది, సన్నది. పక్కన ఏ, ఓ, యూ ఉంటే హల్లు వెడల్పు. ఐ, ఈ ఉంటే సన్నం. హల్లుకు అటూ ఇటూ ఒకే జాతి అచ్చు ఉండాలని నియమం. అందుకే మాటలో కనిపించే అచ్చుల్లో సగం పలకడానికి కావు, పక్క హల్లు ఏ రకమో చెప్పడానికి. ఇక ఎక్కడ చూసినా కనిపించే 'హెచ్' సంగతి. పాత గేలిక్ లిపిలో హల్లు మెత్తబడితే దాని నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. 20వ శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అచ్చుకు మారినప్పుడు ఆ చుక్క బదులు పక్కన హెచ్ చేర్చారు. బీ పక్కన హెచ్ వస్తే వ, ఎమ్ పక్కన వచ్చినా వ, టీ పక్కన వస్తే హ, ఎఫ్ పక్కన వస్తే అసలు ఏమీ పలకదు. ఒక కాగితం మీద పట్టే పట్టిక. రెండు మూడు వారాలు దీని మీద కూర్చుంటే బోర్డులు చదవడం వచ్చేస్తుంది. చాలామంది ఈ పని చెయ్యకుండా నేరుగా వాక్యాల్లోకి దూకి, ప్రతి మాటనూ విడివిడిగా బట్టీ పడతారు. అదే వాళ్ళను అలసగొట్టేది.

పలకడంలో తెలుగువాళ్ళకు కొన్ని అడ్డదారులున్నాయి. వెడల్పు టీ, డీలు పళ్ళకు నాలుక ఆనించి పలికే మన త, ద లే. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడే ట, డ అని తడబడతారు. ఐర్లండ్ ఉత్తరాన డనిగాల్, పడమట కానమారా ప్రాంతాల్లో సన్న టీ, డీలు మన చ, జ లకు బాగా దగ్గరగా వినిపిస్తాయి. గొంతులోంచి గీరినట్టు వచ్చే ఖ, గ ధ్వనులు ఉర్దూ చెవిన పడే హైదరాబాదీలకు కొత్త కాదు: 'ఖాన్', 'గజల్' అని ఉర్దూవాళ్ళు పలికినప్పుడు మొదట వచ్చే ధ్వనులే. ల, న, ర లలో వెడల్పు-సన్నం తేడా మాత్రం ఎవరికైనా నెలల పని. దాన్ని 'తర్వాత చూద్దాంలే' అని వదిలేస్తే మాటల అర్థాలే మారిపోతాయి.

తర్వాత వచ్చే గండం మాట మొదలు మారిపోవడం. 'అర్థమవుతోంది' అనడానికి తిగిమ్. 'నీకు అర్థమవుతోందా?' అని అడగాలంటే అన్ దిగన్ తూ? 'అర్థం కావట్లేదు' అంటే నీ హిగిమ్. ఒకే క్రియ, మొదటి అక్షరం త, ద, హ అని మూడు వేషాలు వేసింది. ఇంగ్లీషు నుంచి వచ్చేవాళ్ళకు ఇది ఘోరంగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళ భాషలో మాట చివర మారుతుంది గానీ మొదలు మారదు. మనకు మాత్రం ఇది బొత్తిగా కొత్త కాదు. తెలుగులో తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. బడిలో 'పూచెను, కలువలు' కలిపి 'పూచెనుగలువలు' అని సరళాదేశ సంధి చదువుకున్నాం. ద్రుతం మీది పరుషాలకు సరళాలు వస్తాయని సూత్రం. ఐరిష్‌లో ఉరూ అనే మార్పులో క కు గ, త కు ద, ప కు బ వస్తాయి. కారణం కూడా దగ్గరదే: ఒకప్పుడు ముందు మాట చివర అనునాసికం ఉండేది. అది రాలిపోయింది, దాని ప్రభావం తర్వాతి హల్లు మీద మిగిలిపోయింది. షేవ్యూ అనే రెండో మార్పు, అదే హెచ్ చేరేది, రెండు అచ్చుల మధ్య హల్లు మెత్తబడటం వల్ల పుట్టింది.

తేడా ఒకటుంది. మనకు సంధి చెయ్యకపోయినా అర్థం చెడదు. ఐరిష్‌లో చెడుతుంది. బాద్ అంటే పడవ. 'అ వాద్' అంటే అతని పడవ, 'అ బాద్' అంటే ఆమె పడవ, 'అ మాద్' అంటే వాళ్ళ పడవ. ముందున్న 'అ' మూడింటికీ ఒకటే. పడవ ఎవరిదో చెప్పేది పడవ మొదటి అక్షరమే! రాతలో మాత్రం ఐరిష్ కొంచెం దయ చూపింది. ఉరూ వచ్చినప్పుడు కొత్త అక్షరాన్ని ముందు చేర్చి, పాతదాన్ని అలాగే ఉంచుతారు. గ పలికే చోట జీ, సీ రెండూ కనిపిస్తాయి కాబట్టి అసలు మాట సీ తో మొదలవుతుందని తెలిసిపోతుంది, నిఘంటువులో వెతుక్కోవచ్చు.

వాక్యాల్లోకి వస్తే తెలుగు మనసుకు హాయిగా ఉండేవి ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషులో పుస్తకాన్ని 'కలిగి ఉంటారు'. ఐరిష్‌లో అలాంటి క్రియే లేదు. 'తా ల్యవర్ అగమ్': ఉంది, పుస్తకం, నా దగ్గర. ఈ 'దగ్గర' మనిషిని బట్టి మారుతుంది: అగమ్, అగత్, ఎగె, ఎకి. ఇలాంటి విభక్తి మాటలు పదిహేను దాకా ఉన్నాయి, వాటిని నమిలి మింగాల్సిందే. ఆకలి కూడా మనిషి చేసేది కాదు, మనిషి మీద ఉండేది. 'అవును', 'కాదు' అనడానికి ఐరిష్‌లో ప్రత్యేకం మాటలు లేవు. అర్థమైందా అంటే అర్థమైంది, వచ్చావా అంటే వచ్చాను అని క్రియతోనే జవాబు. తెలుగిళ్ళలో రోజంతా నడిచేది ఇదే పద్ధతి. 'నేను టీచర్ని', 'నేను అలసిపోయి ఉన్నాను' అన్న రెండు వాక్యాలూ ఇంగ్లీషులో ఒకే క్రియ మీద నడుస్తాయి. ఐరిష్‌లో వేర్వేరు: 'ఇస్ మూన్చోర్ మే', 'తా మే తిర్షఖ్'. తెలుగులోనూ మొదటిదానికి 'ఉండు' పనికిరాదు, రెండోదానికి కావాలి. డబ్లిన్ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి తప్పు చేసే చోటు ఇది. తెలుగువాళ్ళు సరిగ్గా ఊహించగల చోటు కూడా.

అన్నిటికంటే ముచ్చటైనది లెక్కపెట్టడం. వస్తువులకు ఒక రకం అంకెలు, మనుషులకు వేరే రకం. బెర్చ్, త్ర్యూర్, క్యాహ్రర్, కూగ్యర్ అంటే ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు. మనం ఏడుగురు దాటాక సాధారణంగా 'ఎనిమిది మంది' అని తప్పించుకుంటాం. ఐరిష్ పది దాకా లాగుతుంది. దీన్నిబట్టి తెలుగుకూ ఐరిష్‌కూ ఏదో పురాతన చుట్టరికం ఉందని కథలల్లనక్కర్లేదు. ఐరిష్ ఇండో-యూరోపియన్ కుటుంబం. చుట్టరికం ఉంటే హిందీతో ఉంది. ఐరిష్‌లో రెండు 'దో', మూడు 'త్రీ'. తెలుగుతో ఉన్నవి కాకతాళీయమైన పోలికలు. నేర్చుకునేవాడికి మాత్రం కాకతాళీయమైనా లాభమే.

నష్టాలూ ఉన్నాయి. తెలుగు క్రియను చివరిదాకా దాచిపెడుతుంది. ఐరిష్ క్రియతోనే నోరు తెరుస్తుంది: 'చూశాడు షాన్ ఆ మనిషిని'. ఏం చెప్పాలో ముందే తేల్చుకుని మాట మొదలుపెట్టడం అలవాటు చేసుకోవాలి. షష్ఠి విభక్తిలో నామవాచకాలు చిత్రవిచిత్రంగా మారతాయి. బహువచనాలకు ఒక పట్టాన నియమం దొరకదు. అయితే క్రమం తప్పిన క్రియలు పదకొండే. ఇంగ్లీషులో ఆ జాబితా వందల్లో ఉంటుంది కదా, ఇక్కడ పదకొండుతో సరి.

ఇంతకీ ఏ ఐరిష్ నేర్చుకోవాలి? 'ఎలా ఉన్నావు?' అని డనిగాల్‌లో అడిగితే 'కజే మర్ అతా తూ', కానమారాలో అయితే 'కే ఖీ విల్ తూ', కెర్రీలో అయితే 'కొనస్ తీ'. ఉత్తరాన అల్‌స్టర్, పడమట కానక్ట్, దక్షిణాన మన్‌స్టర్ అని మూడు మాండలికాలు. బడి పుస్తకాలకు, ప్రభుత్వ పత్రాలకు 1958లో ఒక ప్రామాణిక రూపం చేశారు, 2012లోనూ 2017లోనూ సవరించారు. అది రాతకు పనికొస్తుంది. పలకడం ఎలాగో అది చెప్పదు, పుట్టుకతో ఆ ప్రమాణాన్ని మాట్లాడేవాళ్ళూ ఎవరూ లేరు. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒక యాప్ నుంచి ఒక యాస, టీచర్ నుంచి ఇంకోటి, పాటల నుంచి మూడోది పోగేసుకోవడం. అలా చేస్తే చెవి ఎక్కడా కుదురుకోదు. ఏ ప్రాంతం మీద మనసుంటే, లేదా ఏ టీచర్ దొరికితే, ఆ మాండలికాన్ని ఒక రెండేళ్ళు పట్టుకుని వేలాడటం మంచిది. మిగతా రెండూ అర్థమవడం తర్వాత దానంతట అదే వస్తుంది.

సాధనాలకు కరువు లేదు. డుయోలింగో యాప్‌లో ఐరిష్ 2014 నుంచి ఉంది. ట్యాంగ్లన్ అనే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువులో చాలా మాటలకు మూడు మాండలికాల ఉచ్చారణా వినొచ్చు. కంప్యూటర్ గొంతుల కంటే వీటినే నమ్ముకోవాలి. ఐరిష్ ప్రసారాలకు రేడియో నా గేల్తఖ్త 1972 నుంచి, టీజీ4 టీవీ 1996 నుంచి నడుస్తున్నాయి. రేడియో మొదటి ఏడాది ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పెట్టుకుని ఉండటం వల్ల ఈ భాష లయ చెవికెక్కుతుంది. యాప్‌లో పాయింట్లు పెరుగుతున్నాయి కదా అని సంబరపడటం మాత్రం ప్రమాదం. అక్కడ జవాబు ఇవ్వడానికి ఎంత సేపైనా ఆగొచ్చు, ఎదురుగా మనిషి ఉంటే రెండు క్షణాలే.

అసలు చిక్కు ఆ మనిషి దగ్గరే. కష్టపడి గేల్తఖ్త్ పల్లెకు, అంటే ఐరిష్ మాట్లాడే ప్రాంతానికి వెళ్ళి, దుకాణంలో ఐరిష్‌లో అడిగితే జవాబు ఇంగ్లీషులో వస్తుంది. హైదరాబాద్ వచ్చిన ఉత్తరాది వాళ్ళు తెలుగులో మాట్లాడబోతే మనవాళ్ళు హిందీలోకి దూకినట్టే. అందులో చిన్నచూపు లేదు, మర్యాదే ఉంది. తరతరాలుగా కొత్త ముఖంతో ఇంగ్లీషే మాట్లాడాలని అలవాటు పడ్డ జనం వాళ్ళు. పైగా తొందరలో ఉన్న దుకాణదారుకు ఉచితంగా పాఠం చెప్పే బాధ్యత ఏముంది? కాబట్టి పాఠం చెప్పడమే పనిగా ఉన్న చోటికి వెళ్ళాలి. డనిగాల్‌లో గ్లెన్‌కలమ్‌కిల్ అనే మారుమూల లోయలో ఒయిదస్ గేల్ సంస్థ 1984 నుంచి పెద్దవాళ్ళకు కోర్సులు నడుపుతోంది. పొద్దున పాఠం, మధ్యాహ్నం కొండలెక్కడమో డాన్సో, రాత్రి పబ్‌లో పాటలు. పబ్‌లో పక్కన కూర్చున్నవాడికీ అంతంతమాత్రమే వచ్చు కాబట్టి సిగ్గు పోతుంది. నగరాల్లో 2016 తర్వాత పాప్-అప్ గేల్తఖ్త్ అని ఒక పద్ధతి వచ్చింది. ఒక పబ్బు, ఒక రాత్రి చెప్పుకుని, ఐరిష్ వచ్చినవాళ్ళూ కొంచెం వచ్చినవాళ్ళూ అక్కడ చేరతారు. ఫీజు లేదు, సిలబస్ లేదు.

ఈ ఏర్పాటు చేసుకోవడాన్ని చివరి అంచు దాకా తీసుకెళ్ళిన ఊరు బెల్‌ఫాస్ట్. 1960ల్లో అక్కడ తరగతుల్లో ఐరిష్ నేర్చుకున్న కొందరు యువ దంపతులు, మనం పిల్లలతో ఐరిష్‌లోనే మాట్లాడాలంటే పక్కింటివాళ్ళూ ఐరిష్ వాళ్ళే కావాలి కదా అని ఆలోచించారు. డబ్బులు పోగేసి షాస్ రోడ్డులో స్థలం కొని, 1969 నాటికి ఐదు కుటుంబాలు ఇళ్ళు కట్టుకున్నాయి. బ్రిటన్ పాలనలోనే ఉండిపోయిన ఉత్తర ఐర్లండ్‌లో రెండు వర్గాల మధ్య కల్లోలం మొదలైన సంవత్సరమే అది. 1971లో తొమ్మిది మంది పిల్లలతో సొంతంగా బడి పెట్టారు. ప్రభుత్వ నిధులు 1984 దాకా రాలేదు. వీళ్ళెవరికీ ఐరిష్ మాతృభాష కాదు. వాళ్ళ పిల్లలకు అయింది. ఆ నగరంలో ఇప్పుడున్న ఐరిష్ మీడియం బడుల వరసంతా ఆ తొమ్మిది మందితో మొదలైందే.

అదే నగరం చుట్టుపక్కల మరో రకం తరగతి నడిచింది. లాంగ్ కెష్ జైలులో 1970ల చివర నిరసనలో ఉన్న రిపబ్లికన్ ఖైదీల దగ్గర, అంటే ఐర్లండ్ అంతా ఒకటి కావాలని పోరాడినవాళ్ళ దగ్గర, పుస్తకం, కాగితం ఉండేవి కావు. ఐరిష్ వచ్చినవాడు తలుపు సందులోంచి మాటలు అరిచేవాడు, మిగతావాళ్ళు గదుల గోడల మీద గీసుకునేవారు. వార్డర్లకు అర్థం కాని భాష కాబట్టి అక్కడ దానికి రోజూ పని ఉండేది. ఈ చరిత్ర వల్లే యూనియనిస్టు ప్రొటెస్టెంట్లు, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనుకునేవాళ్ళు, చాలాకాలం ఐరిష్‌ని ఎదుటి పక్షం జెండాగా చూశారు. 2011 తర్వాత తూర్పు బెల్‌ఫాస్ట్ న్యూటౌనార్డ్స్ రోడ్డులో, అచ్చం ఆ వర్గం మధ్యలో, లిండా ఎర్విన్ తురస్ పేరుతో ఐరిష్ తరగతులు మొదలుపెట్టారు. ఆవిడ కూడా నడివయసులోనే నేర్చుకున్నారు. ప్రభుత్వాలు, చట్టాలు చెయ్యలేని పని ఒక్కోసారి సాయంత్రం తరగతి చేస్తుంది.

ఇదంతా విని, నేర్చుకునేవాళ్ళే ఐరిష్‌ని కాపాడేస్తున్నారు అనుకుంటే అది పొరపాటు. గేల్తఖ్త్ పల్లెల్లో పరిస్థితి బాగాలేదు. అక్కడి జనాభా లక్ష దాటింది గానీ, బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్ళు 2022లో 20 వేల పైచిలుకే. పదేళ్ళలో అక్కడ కూడా ఐరిష్ ఊరి భాషగా నిలవకపోవచ్చని 2015లో ఒక అధ్యయనం హెచ్చరించింది. ఉద్యోగాలు లేక, ఇళ్ళ ధరలు అందక పిల్లలు వెళ్ళిపోతున్నారు. సముద్రం కనిపించే ఇళ్ళు సెలవులకు వచ్చేవాళ్ళ చేతుల్లోకి పోతున్నాయి. నగరంలో పుట్టిన కొత్త ఐరిష్ వింటే పల్లె పెద్దలకు ఒక్కోసారి అర్థం కాదు. వెడల్పు-సన్నం తేడా అందులో చాలావరకు పోయింది, వాక్యం ఇంగ్లీషు అచ్చులో పోసినట్టుంటుంది. ఆ రెండు గుంపుల మధ్య చిన్న అసహనం ఉంది, అది పూర్తిగా అన్యాయం కూడా కాదు. నేర్చుకునేవాళ్ళు సొంతంగా చెయ్యగలిగింది ఒకటుంది: పల్లె గొంతులను రోజూ వినడం, సెలవుల్లో అక్కడికి వెళ్తే ఐరిష్ మాట్లాడే ఇంటావిడ ఇచ్చే గదికే డబ్బులు కట్టడం.

ఐర్లండ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ భాష సాధారణంగా పిల్లల హోమ్‌వర్క్ రూపంలో ఇంట్లోకి వస్తుంది. విదేశంలో చదివి, 12 ఏళ్ళు నిండాక అక్కడ బడిలో చేరిన పిల్లలకు ఐరిష్ నుంచి మినహాయింపు అడగొచ్చు. అంతకన్నా చిన్నవాళ్ళు మామూలుగా చదవాల్సిందే. ఉద్యోగానికి ఐటీ కంపెనీ అడగదు, ఆసుపత్రి అడగదు. కాబట్టి అమ్మానాన్నలకు ఐరిష్ తప్పనిసరి కానే కాదు. అయినా ఏడేళ్ళ పిల్ల 'అన్ దిగన్ తూ?' అని అడిగితే 'తిగిమ్' అనడానికి ఒక సాయంత్రం చాలు, ఇంట్లో ఆ వాక్యానికి రోజూ పని దొరుకుతుంది కూడా. ఆ తర్వాత ఎంత వచ్చిందో చూసుకోవాలనిపిస్తే మేనూత్ యూనివర్సిటీ పెద్దవాళ్ళ కోసం 2005 నుంచి టీఈజీ అనే పరీక్ష పెడుతోంది. అన్నిటికంటే కింది మెట్టు ఏ1లోనే మాట్లాడే పరీక్ష ఉంటుంది. ఎదురుగా ఒక మనిషి కూర్చుని పేరు, ఊరు, ఇల్లు, కుటుంబం గురించి అడుగుతారు. ఇంట్లో ఎంతమంది అంటే క్యాహ్రర్ అనాలి, మనం నలుగురం అన్నట్టే.